వీల్‌చైర్‌లో కూర్చున్నాడని పింఛను తగ్గించారా? అప్పీలు ఇలా వేయండి

గ్రామ సచివాలయం నుంచి కాగితం వచ్చిన రోజు మా చిన్నమ్మ అడిగిన మొదటి మాట, "తొమ్మిది వేలు తగ్గిపోతే డైపర్లు ఎట్లా కొనేది నాయనా?" అని. చిన్నాయనకు దివ్యాంగుల పింఛను నెలకు 15,000 వస్తుండేది, దాన్ని 6,000 చేశారు. ఎందుకంటే, తనిఖీకి పిలిచిన రోజు ఆసుపత్రి వాళ్ళే ఇచ్చిన వీల్‌చైర్‌లో ఆయన్ను కూర్చోబెట్టాం, నున్నటి టైల్స్ మీద ఆయన అరచేతులతో చక్రాన్ని రెండు తిప్పులు తిప్పాడు, అది డాక్టరుగారి కంట్లో పడింది. రాసేశారు: "వీల్‌చైర్ వాడగలరు, మంచానికి పరిమితం కాదు."

ఆ ఒక్క వాక్యం మీద మేం మూడు నెలలు తిరిగాం. ఆ తిరుగుడులో తెలిసినవే ఇక్కడ రాస్తున్నా. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇలాంటి నోటీసు పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక కూర్చున్నవాళ్ళకు పనికొస్తుందని.

చిన్నాయన సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పాకాల దగ్గర తోటలో మామిడికాయలు కోస్తుంటే కొమ్మ విరిగి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. కాళ్ళు పూర్తిగా పోయాయి, చేతుల్లో సగం బలం మిగిలింది, వేళ్ళు మాత్రం ముడుచుకోవు. సంకటి ముద్ద తనంతట తాను తీసుకోలేడు, చిన్నమ్మ పెట్టాల్సిందే. అలాంటి మనిషి రెండు తిప్పులు చక్రం తిప్పడం ఆ ఇంట్లో మాకు పండగ లాంటి విషయం. అదే ఆయన కొంప ముంచింది.

ఇప్పుడు రూలు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో మామూలు దివ్యాంగులకు 6,000, పూర్తిస్థాయి వైకల్యం ఉన్నవాళ్ళకు 15,000. 2024 జూలై 1న పెంచిన రేట్లతో పంచడం మొదలైంది, అంతకుముందు ఈ రెండోరకం పింఛను 5,000 మాత్రమే. ఆ 15,000 ఎవరికి అని చూస్తే, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళు, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్ళు, ప్రమాదాల్లో అలాంటి స్థితికి వచ్చినవాళ్ళు అని ఉంది. మళ్ళీ చదవండి. మంచానికో, వీల్‌చైర్‌కో. అంటే వీల్‌చైర్‌లో ఉన్నంత మాత్రాన ఆ వర్గం నుంచి తీసేయడానికి లేదు, వీల్‌చైర్‌కే పరిమితమైన మనిషి కోసమే ఆ మాట పెట్టారు. మాకు ఇది తెలియడానికే నెల పట్టింది, ఎందుకంటే ఎవరిని అడిగినా "మంచంలో ఉంటేనే పదిహేను వేలు" అనే చెప్పారు. ఆ మాట తప్పు. మీ అప్పీలులో మొదటి పేరా ఇదే కావాలి.

రెండో వాదన దీనికంటే బరువైనది. వీల్‌చైర్‌లో కూర్చోవడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. ఎవరో ఎత్తి కూర్చోబెట్టి, బెల్టు కట్టి, వెనక నుంచి తోస్తే కదిలేదాన్ని "వాడుతున్నాడు" అంటారా? మా ఊరి బడిలో కూర్చున్న పిల్లలందరికీ చదువొచ్చినట్టేనా మరి.

ఈ తగాదా మన దగ్గరే ఉందనుకున్నా. మా పిన్ని కూతురు బ్రిటన్‌లో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, ఫోన్లో చెబితే "అక్కా, ఇక్కడా ఇదే గొడవ" అంది. అక్కడ 2011 మార్చి నుంచి, పని చేయలేనివాళ్ళకు ఇచ్చే ఒక భృతి పరీక్షలో నడక గురించి అడిగేటప్పుడు, చేతితో తోసుకునే వీల్‌చైర్ "సమంజసంగా వాడగలిగితే" దాన్నీ లెక్కలోకి తీసుకుంటారట. మనిషికి వీల్‌చైర్ లేకపోయినా సరే, ఉంటే ఎంతదూరం పోగలడు అని ఊహించుకుని మార్కులు వేస్తారు. 50 మీటర్లు, 100 మీటర్లు, 200 మీటర్లు అని కొలతలు ఉంటాయి. దానిమీద అప్పీలుకు వెళ్ళేవాళ్ళు పట్టుకునేది ఆ "సమంజసంగా" అనే మాటనే: భుజాలు నొప్పి అయితే? ఇంట్లో తిరగడానికి చోటు లేకపోతే? ఒక్కసారి తోసి మళ్ళీ తోయలేకపోతే? వాళ్ళ ఇంకో భృతిలో, ఒక పనిని ప్రమాదం లేకుండా, సరిగ్గా, మళ్ళీమళ్ళీ, మామూలు సమయంలోనే చేయగలడా అని నాలుగు రకాలుగా చూడాలని రూలే ఉంది. ఆ చట్టాలు మనకు వర్తించవు, అప్పీలులో వాటి పేరెత్తకండి. కానీ ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం మా ఇంటి గోడ మీద సుద్దతో రాసుకున్నాం. మన డాక్టరుగారు చూసింది రెండు తిప్పులు. ఆ రెండు తిప్పుల తర్వాత ఏమైంది అన్నది ఎవరూ చూడలేదు, ఆయన తల తిరిగి నా చెయ్యి మీద వాలిపోయాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు కూర్చోబెట్టగానే బీపీ పడిపోవడం చాలామందిలో ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం.

మొదట మీ తగాదా దేనిమీదో తేల్చుకోండి, ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. నోటీసు పక్కన పాత సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చేది), కొత్తది పెట్టుకుని చూడండి. శాతం అలాగే ఉండి పింఛను రకం మాత్రం మారిందా, లేక శాతమే తగ్గించారా? రకం మారితే అది పింఛను అప్పీలు, పల్లెల్లో ఎంపీడీఓకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళలో మున్సిపల్ కమిషనర్‌కు వెళ్తుంది. శాతం తగ్గితే అది సర్టిఫికెట్టు మీద తగాదా. దానికి దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 59వ సెక్షన్ ఉంది, సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్ళ నిర్ణయం నచ్చకపోతే ప్రభుత్వం పెట్టిన పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చని. రెండూ జరిగి ఉంటే రెండూ వేయండి, ఒకటి తేలాక రెండోది చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది. గడువు నోటీసులోనే ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో చుట్టండి. నోటీసు మీకు చేతికి అందిన తేదీని కూడా దాని వెనకాల రాసి సంతకం పెట్టించుకోండి, తెచ్చిన సచివాలయం ఉద్యోగితోనే. మొహమాటపడితే తర్వాత "పది రోజుల క్రితమే ఇచ్చాం" అంటారు, మా విషయంలో అన్నారు కూడా.

తర్వాత, వాళ్ళు ఏం రాశారో చూడాలి. నోటీసులో ఒక లైనే ఉంటుంది, పరీక్ష రోజు నింపిన ఫారంలో అసలు కథ ఉంటుంది. సమాచార హక్కు కింద ఆ ఫారం నకలు అడగండి. మండలం ఆఫీసులో దరఖాస్తు రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళయితే ఎక్కడా కట్టక్కర్లేదు, రేషన్ కార్డు నకలు జతచేస్తే సరి. 30 రోజుల్లో ఇవ్వాలి. అయితే ఇది వచ్చేదాకా అప్పీలు ఆపుకుని కూర్చోకండి. అప్పీలు వేసేసి, ఫారం వచ్చాక అదనంగా ఒక కాగితం ఇచ్చుకోవచ్చు. మాకు వచ్చిన ఫారంలో "చేతుల పట్టు" అనే చోట ఏమీ రాయలేదు, ఖాళీ. ఆ ఖాళీయే మాకు బాగా పనిచేసింది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, రోజువారీ పుస్తకం. పది రూపాయల నోటుబుక్కు కొని వారం రోజులు రాయండి, మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, పడుకున్నాక కూడా. మా చిన్నమ్మకు రాయడం రాదు, ఆమె చెబుతుంటే నేను రాశాను. ఒక రోజుది ఇలా ఉంది:

"తెల్లవారి 4. పక్క మార్చినాను. 5.30. యూరిన్ సంచి ఖాళీ చేసినాను. 6. కదలిక కోసం కాళ్ళు చేతులు ఆడించినాను, అరగంట. 8. ఒళ్ళు తుడిచినాను, నడుం కింద పుండు ఎర్రగా ఉంది. 9. పక్కింటి అబ్బాయిని పిలిచి ఇద్దరం ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టినాం. 9.20. కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు, మళ్ళీ పడుకోబెట్టినాం. 11. పక్క మార్చినాను..."

ఇరవై నిమిషాలు. ఆ ఒక్క సంఖ్య నేను రాసిన రెండు పేజీల వాదనకన్నా గట్టిగా మాట్లాడింది. "ఎక్కువసేపు కూర్చోలేడు" అని రాయకండి, ఎవరైనా రాస్తారు ఆ మాట. ఎన్ని నిమిషాలు, కూర్చోబెట్టడానికి ఎంతమంది, దించాక ఏమైంది, అది రాయండి. ఉన్నదే రాయండి సుమా. ఒకరోజు గంటసేపు బాగా కూర్చుంటే అదీ రాయండి, తర్వాత రెండు రోజులు ఎలా ఉన్నాడో అదీ రాయండి. ఏడు రోజులూ ఒకేలా ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఇంటిని కొలవండి. ఇది ఎవరూ చెప్పరు, నాకు తట్టింది కూడా ఆలస్యంగానే. మామూలు వీల్‌చైర్ చక్రాలతో కలిపి వెడల్పు దగ్గరదగ్గర 25, 26 అంగుళాలు ఉంటుంది. మా ఇంటి బాత్రూం గుమ్మం 24 అంగుళాలు. ముందు గది తలుపు కాస్త పెద్దది, కానీ గడప ఉంది, దాని బయట రెండు మెట్లు, కలిపి అడుగు ఎత్తు. అడుగు ఎత్తుకు వాలు సరిగ్గా కట్టాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి, మా ఇంటి ముందు సందే ఎనిమిది అడుగులు, అందులో సగం కాలువ. టేపు పట్టుకుని ప్రతి గుమ్మానికీ అడ్డంగా పెట్టి, అంకె కనిపించేలా ఫోన్లో ఫోటో తీయండి. మనిషి ముఖం అక్కర్లేదు, టేపు కనపడితే చాలు. అధికారి పల్లెల్లో పుట్టినవాడే అయితే ఆ ఫోటో చూడగానే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట. తెలిసినవాళ్ళు చాలామంది "ఇంట్లో వీల్‌చైర్ ఉంటే దాచిపెట్టండి, తనిఖీకి వచ్చినప్పుడు కనపడకూడదు" అని సలహా ఇస్తారు. వద్దు. అది దొరికితే మీ నిజం కూడా అబద్ధమైపోతుంది. ఉన్నది చూపించి, మనిషి దాన్ని తనంతట తాను ఎందుకు తోసుకోలేడో చెప్పండి. దీనికి ఎదురుదెబ్బ కూడా ఉంది: కొందరికి "మీ ఇంట్లో వీల్‌చైరే లేదు, అంటే నడుస్తున్నట్టే" అంటారు, పోలియో వచ్చి నేలమీద పాకే పెద్దాయనకు ఇదే మాట అన్నారని విన్నా. లేకపోతే లేదని, కొనే స్తోమత లేదని రాయండి. కేంద్రం పథకం కింద సహాయ పరికరాలకు విభిన్న ప్రతిభావంతుల శాఖ జిల్లా ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుని దాని నకలు జతచేయండి.

డాక్టరు ఉత్తరం గురించి. రోజూ చూసే డాక్టరు ఎవరైతే ఆయన దగ్గర తీసుకోండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి చోట్ల చూపించుకుని ఉంటే అక్కడి పాత ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు అన్నీ తీయండి, తేదీ వరసలో పెట్టండి. కొత్త ఉత్తరం అడిగేటప్పుడు "పింఛను కోసం ఒక సర్టిఫికెట్టు ఇవ్వండి సార్" అంటే రెండు లైన్లు రాసి పంపిస్తారు. అలా కాకుండా ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి: చేతుల్లో చక్రం తోసే బలం ఉందా? నడుము ఆధారం లేకుండా నిలబడుతుందా? మంచం నుంచి కుర్చీలోకి తనంతట మారగలడా? కూర్చుంటే బీపీ పడిపోతుందా? పుండ్లు వచ్చే ప్రమాదం ఎంత? వాటికి జవాబులుగా రాసిన ఉత్తరం అయితే అవతలి డాక్టరు పక్కన పెట్టలేడు. మా డాక్టరమ్మ విసుక్కోలేదు, "ఇట్లా అడిగితే నాకూ తేలికే" అంది.

అప్పీలు పెద్దగా ఉండక్కర్లేదు, ఒకటిన్నర పేజీ. మేం రాసిన దాంట్లో అసలు భాగం ఇది, మీ వివరాలతో మార్చుకోండి:

"అయ్యా, నా పింఛనును 15,000 నుంచి 6,000కు తగ్గిస్తూ ఇచ్చిన నోటీసుపై అప్పీలు చేసుకుంటున్నాను. కారణంగా 'వీల్‌చైర్ వాడగలరు' అని రాశారు. మంచానికి లేదా వీల్‌చైర్‌కు పరిమితమైనవారు ఈ పింఛనుకు అర్హులని పథకంలోనే ఉన్నందున ఇది నన్ను అనర్హుడిని చేసే కారణం కాదు. అదీగాక నేను వీల్‌చైర్‌ను సొంతంగా వాడలేను. నన్ను ఎత్తి కూర్చోబెట్టడానికి ఇద్దరు కావాలి. 20 నిమిషాలకు మించి కూర్చోలేను. నా వేళ్ళకు పట్టు లేదు, దీన్ని పరీక్ష రోజు చూడలేదు. ఆధారాలు జతచేశాను. నన్ను వేరే డాక్టరుతో, వీలైతే నా ఇంటి దగ్గరే తిరిగి పరీక్ష చేయించాలని, అప్పీలు తేలేదాకా పాత మొత్తమే కొనసాగించాలని, ఒకవేళ తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను."

కోపం రాయకండి. నాకు మొదటి చిత్తులో డాక్టరుగారిని తిట్టిన నాలుగు లైన్లు ఉండేవి, మా మామ చదివి కొట్టేశాడు, "ఆ కాగితం మళ్ళీ డాక్టర్ల దగ్గరికే పోతుంది కదప్పా" అని.

మూడు ప్రతులు. ఒకటి ఆఫీసులో, ఒకటి సచివాలయంలో, మూడోదాని మీద సీలు, తేదీ, సంతకం వేయించుకుని మీరు ఉంచుకోవాలి. సీలు వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కలెక్టరేట్లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో కూడా ఒక అర్జీ పడేయండి, దానికి నంబరు ఇస్తారు, ఆ నంబరుతో 1100కు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో అడగొచ్చు. సోమవారం అర్జీ అప్పీలుకు బదులు కాదు, అప్పీలు కదలడానికి వెనక నుంచి ఒక తోపు అంతే.

మళ్ళీ పరీక్ష రోజు. మొదటిసారి చేసిన తప్పు మళ్ళీ చేయకండి, అంటే మనిషికి స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా వేసి, మందులన్నీ వేసి, "ధైర్యంగా ఉండు" అని చెప్పి తీసుకెళ్ళడం. మర్యాద కోసం అలా చేస్తాం, తప్పు లేదు, కానీ డాక్టరుకు కనపడేది ఆ చొక్కాయే. మామూలుగా ఇంట్లో ఎలా ఉంటే అలాగే తీసుకెళ్ళండి. రోజూ చూసుకునే మనిషి పక్కనే ఉండాలి, మాకు చిన్నమ్మే. "ఎలా ఉన్నావయ్యా?" అని అడిగితే మన మగవాళ్ళు "బాగున్నా సార్" అంటారు, ప్రాణం పోతున్నా అదే మాట. ముందే చెప్పి ఉంచండి. "కూర్చోగలవా?" అంటే "ఊ" అని ఊరుకోకుండా "ఇద్దరు ఎత్తితే, బెల్టు కడితే, ఇరవై నిమిషాలు" అని చెప్పాలి. చక్రం తిప్పి చూపించమంటే తిప్పనివ్వండి, ఆపకండి. తిప్పాక "ఇంకోసారి తిప్పమనండి సార్, ఆ గుమ్మం దాకా" అని మీరే అడగండి. మా చిన్నమ్మ సరిగ్గా అదే అడిగింది. మూడో తిప్పుకు చెయ్యి చక్రం మీంచి జారి కింద పడింది. కొత్త డాక్టరు ఏమీ అనలేదు, ఆ వేళ్ళను ఒక్కొక్కటీ ముడిచి చూశాడు, రాసుకున్నాడు.

అక్కడా కాదంటే దారులు మూసుకుపోవు. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆ పేరుతో లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళ్తే ఆఫీసుల్లో ఫైలు వెతకడం మొదలవుతుంది, ఇది నా కళ్ళతో చూశాను. దివ్యాంగుల హక్కుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు కూడా పెట్టొచ్చు, లాయరు అవసరం లేదు. చివరిది హైకోర్టులో రిట్, కారణం చెప్పకుండా, మన మాట వినకుండా పింఛను తగ్గించారన్నది అక్కడ గట్టి వాదనే, కానీ అంతదాకా వెళ్ళేముందు కింద వేసిన అప్పీలు కాగితాలు సీళ్ళతో సహా చేతిలో ఉండాలి. అవి లేకుండా అమరావతి దాకా వెళ్ళినా, ముందు కింద అప్పీలు వేసుకోమని వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ.

బ్రోకర్లు వస్తారు. "పది వేలిస్తే శాతం పెంచిస్తా" అంటారు. తలుపు వేసేయండి. ఆ సర్టిఫికెట్టు రేపటి తనిఖీలో పట్టుబడితే, అసలైన వైకల్యం ఉన్న మీ మనిషే దొంగ అవుతాడు.

చిన్నాయనకు మళ్ళీ 15,000 చేశారు, ఒకటో తారీకున ఇంటికే తెచ్చి ఇచ్చారు. మధ్యలో తగ్గించి ఇచ్చిన రెండు నెలల తేడా, 18,000, ఇంకా రాలేదు. అది దానంతట అది రాదు, విడిగా అర్జీ పెట్టాలి, అప్పీలు ఆర్డరు నకలు జతచేసి "తగ్గించిన నెలల బకాయి చెల్లించండి" అని. మేం పోయిన సోమవారం పెట్టాం. రసీదు చిన్నమ్మ బియ్యం డబ్బా మూత కింద దాచింది.